పరీల ఊళ్ళో బొడ్డెమ్మ

సోమలింగం ఇంట్లో ఆ ఏడు పండుగ లేదు. ఎండాకాలంలో భార్య పూలమ్మ పోయింది. ఏడు తీరేదాకా గుమ్మానికి మామిడాకు లేదు, పొయ్యి మీద నూనె మూకుడు లేదు, ఇంటి ఆడపిల్ల పండుగ పనికి చెయ్యి పెట్టకూడదు. ఈ కట్టడి చెప్పింది ఆయన అక్క మల్లక్క. చెప్పి, తన ఊరు కేసముద్రం వెళ్ళిపోయింది. పాటించవలసినవాడు సోమలింగం. అక్క చెప్పినదానికి ఆయన తన వంతు కొంత కలిపాడు కూడా. ఇంట్లో ఎవరైనా గట్టిగా నవ్వితే ముందు భాగంలో ఉన్న ధాన్యం దుకాణంలోంచి దగ్గేవాడు. ఆ దగ్గు ఎందుకో పిల్లలకు తెలుసు. కోడలు శకుంతలకూ తెలుసు. కొడుకు రాజేశ్వర్ వడ్లు కొనడానికని ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు కాబట్టి అతనికి అంతగా తెలియదు.

వానలు వెనకబట్టి, హనుమకొండ గుట్టల మీద తంగేడు పూసే రోజులు వచ్చాయి. బతుకమ్మ కంటే ముందు వచ్చేది బొడ్డెమ్మ, పెళ్ళికాని ఆడపిల్లల పండుగ. పుట్టమన్ను తెచ్చి, పీట మీద మెట్లు మెట్లుగా గద్దె కట్టి, పూలతో అలంకరించి, రోజూ పొద్దు వాలేవేళ దాని చుట్టూ తిరుగుతూ పాడతారు. ఆ వీధికి బొడ్డెమ్మ ఎప్పుడూ సోమలింగం ఇంటి అరుగు మీదే. ఆడేది పిల్లలైనా మన్ను పిసికి గద్దె కట్టేది పూలమ్మ. ఆమె కట్టిన మెట్టు మీద నీళ్ళచెంబు పెడితే తొణకదని వీధిలో చెప్పుకునేవారు.

ఈ ఏడు బొడ్డెమ్మ ఎదురింటి అనసూయ వాళ్ళ అరుగు మీదికి పోయింది. సోమలింగం మనవరాలు కళావతి, తొమ్మిదేళ్ళది, తలుపు చాటు నుంచి ఒక సాయంత్రం చూసింది, ఇంకొక సాయంత్రం చూసింది. మూడో పొద్దున దుకాణంలోకి వచ్చి తాత పక్కన బస్తా మీద కూర్చుంది.

"తాతా, అనసూయక్కోళ్ళ బొడ్డెమ్మ ఒంగింది."

"ఒంగనీ. మనకేంది."

"అవ్వ చేస్తే ఒంగకపోతుండె."

సోమలింగం తరాజు పళ్ళెం తుడుస్తూ ఉన్నాడు. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు.

"నేన్ జర ముట్టుకొని సక్కగ చేసి వస్త తాత."

"ముట్టొద్దు బిడ్డ. ఏడు తీరలే."

"వచ్చే యేడుకు నా చేతులు మర్చిపోతయి."

ఆ మాట ఆమె ఏడుస్తూ అనలేదు. రేపు బడికి సెలవు అన్నట్టు మామూలుగా అంది. సోమలింగం తల ఎత్తి ఆ చేతులు చూశాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి ఏడూ ఆ పిల్ల అవ్వ ఒళ్ళోకి చేరి, మోచేతుల దాకా మన్నుతో కూర్చునేది. పూలమ్మ ఏదీ నోటితో చెప్పేది కాదు. చిన్న చేతి మీద తన చెయ్యి వేసి అదిమేది, అంతే. ఆ అదుము ఇప్పుడు లోకంలో ఇంకెక్కడా లేదు, ఈ రెండు చేతుల్లో తప్ప. ఆ సంగతి ఆయనకు అంతకుముందు తట్టలేదు.

"బొడ్డెమ్మ గాకుంట, మన్నుతోటి ఇంకేమన్న చేసుకో" అన్నాడు చివరికి.

"ఏం చేసుకోవాలె?"

"మొన్న ఏందో చెప్తివి, బడిల చదివిన్రని. రెక్కలోళ్ళ ముచ్చట."

"పరీలా?"

ఆడపిల్లల బడిలో ఉర్దూ పుస్తకంలో పరీల పాఠం ఉంది. కళావతి దాన్ని ఇంటికి తెచ్చి తమ్ముడు గోపాల్‌కు రోజూ తెలుగు చేసి చెప్పేది. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం పెరిగేది.

"గా పరీలకు ఒక ఊరు చేసియ్యి. అది దేవుడు గాదు, పండుగ గాదు. ఆట. ఆటకు మైల లేదు."

"మల్లవ్వ ఒప్పుకుంటదా?"

సోమలింగం దగ్గాడు. "మల్లవ్వ కేసముద్రంల ఉన్నది."

ధర్మసాగర్ వైపు నుంచి జొన్నలు తెచ్చే బండి మొండయ్యతో ఆ రోజే చెప్పాడు, వచ్చేటప్పుడు రెండు గంపల పుట్టమన్ను పట్టుకు రమ్మని.

"ఏడు తీరలేదు గద సేటూ, బొడ్డెమ్మ చేస్తాన్రా?" అన్నాడు మొండయ్య.

"బొడ్డెమ్మ గాదు. పరీల ఊరు."

"అది ఎక్కడుంటది? కాజీపేట అవతల్నా?"

"మా బాయికాడ."

మొండయ్య తల ఊపి బండి తోలాడు. సేటు భార్య పోయిన మనిషి, ఏమన్నా అనుకోకూడదు అనుకున్నాడేమో, రెండు గంపలు చెబితే మూడు గంపలు తెచ్చాడు.

పెరట్లో బావి పక్కన దానిమ్మ చెట్టు కింద ఊరు మొదలయింది. గోపాల్ నీళ్ళు పోస్తాడు, కళావతి కలుపుతుంది. మొదట కట్టింది ఒక గుండ్రటి ఇల్లు, కొబ్బరి చిప్ప కప్పుతో. గోడ పైన అంచు వెంట బొటనవేలితో వరసగా నొక్కులు పెట్టుకుంటూ పోయింది. బొడ్డెమ్మ మెట్టు మెట్టుకూ పూలమ్మ అలాగే పెట్టేది. దూరం నుంచి చూస్తే మన్నుకు కుట్టుపని చేసినట్టు ఉండేది.

మధ్యాహ్నం బేరం పలచబడ్డాక సోమలింగం వచ్చి చూశాడు. నిలబడి చూసే ఉద్దేశంతోనే వచ్చాడు.

"ఇండ్లు నాలుగు పెట్టినవు. దుకాణమేది?"

"పరీలకు దుకాణమెందుకు తాత? వాళ్ళు పూల మీది తేనె తాగుతరు."

"పొద్దుగూకులు తేనె తాగితే కడుపు నొస్తది. ఊరన్నంక దుకాణం ఉండాలె. జరుగు."

పంచె ఎగ్గట్టి కూర్చున్నాడు. చింతపిక్కంత బస్తాలు చేసి వరసగా పేర్చాడు. తరాజుకు రెండు సీతాఫలం గింజలు పళ్ళేలు చేసి, ఈనెపుల్ల దండి పెట్టాడు. దండి ఒక పక్కకు వాలింది.

"దొంగ తూకం" అన్నాడు గోపాల్.

"దొంగ తూకం గాదురా. అవతల పళ్ళెంల పరీ కూసున్నది. నీకు కనపడతలేదు."

గోపాల్ చాలాసేపు ఆ పళ్ళెం వైపే చూశాడు. తర్వాత వాడికి రైలు కావాలన్నాడు. కాజీపేటలో ఒకసారి చూసిన ఇంజను వాడి మనసులోంచి పోలేదు.

"రెక్కలున్నోళ్ళకు రైలెందుకురా?" అంది కళావతి.

"రెక్కలు నొస్తే?"

దానిమ్మ మొదలు దగ్గర రైలు స్టేషను కట్టారు. అగ్గిపెట్టెలు నాలుగు దారంతో కట్టి గోపాల్ దాన్ని ఊరి చుట్టూ లాక్కుంటూ తిరిగాడు. కూత కూడా వాడే.

శకుంతల గిన్నెలు కడగడానికి వచ్చి ఆగింది. మామ ముందు ఆమె పెద్దగా మాట్లాడదు. కొంగు సర్దుకుని, కూతురి చెవి దగ్గర వంగి మెల్లగా చెప్పింది.

"అన్ని ఇండ్లు కట్టినవు. ఒక్క ఇంట్లనన్న పొయ్యి ఉన్నదానే?"

"తేనె తాగుతరమ్మా."

"చలికాలం వస్తే నీళ్ళు కాగబెట్టుకోరా?"

చెప్పి ఊరుకోలేదు. కూర్చుని ఇంటింటికీ గోటితో పొయ్యి చెక్కింది. పిల్లలు ఆడుకునే గురుగులు, వేలెడంత కుండలు, తెచ్చి ఒక్కొక్క పొయ్యి మీద ఒక్కొక్కటి పెట్టింది. గిన్నెలు సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి.

గోపాల్ పొయ్యిలన్నీ చూసి అడిగాడు. "పరీలకు అవ్వ ఉంటదా అక్కా?"

"ఉంటది."

"సావదా?"

"పరీలు సావరు. పుస్తకంల ఉన్నది."

శకుంతల చేతిలోని గురిగి కింద పెట్టింది. సోమలింగం చింతపిక్క బస్తా ఒకటి సరిచేశాడు. తర్వాత గోపాల్ రైలు కూత వేశాడు.

మర్నాడు ఎండ గట్టిగా కాసింది. కళావతి బడి నుంచి వచ్చేసరికి పరీల ఇళ్ళు పగిలి ఉన్నాయి. కొన్ని గోడలు నెర్రెలు విచ్చాయి. ఒక ఇంటి కొబ్బరిచిప్ప లోపలికే దిగబడింది. ఆమె పలక పక్కన పెట్టింది.

"అవ్వ మన్నుల ఏమో కలిపేది" అంది తాతతో. "అదుముడు యాదికున్నది. గోడ లేపుడు యాదికున్నది. కలిపేది ఏందో యాదికి లేదు."

"పెండ కలుపుతదేమో" అంది శకుంతల.

"బెల్లం" అన్నాడు గోపాల్.

పెండతో ఒక ఇల్లు కట్టి చూశారు. అది నిలబడింది కానీ పరీలు వచ్చే వాసన కాదని కళావతి తీసేసింది. బెల్లంతో కట్టిన ఇంట్లోకి పరీల కంటే ముందు చీమలు వచ్చాయి. ఆ రాత్రి అన్నం దగ్గర కళావతి చేతులు చూసుకుంటూ కూర్చుంది. మర్చిపోవడం అప్పుడే మొదలయిందని ఆమె అనుకుంటున్నట్టు సోమలింగానికి తెలిసింది.

పొద్దున దుకాణం ఊడుస్తుంటే ఆయన చీపురు ఆగిపోయింది. ఏటా ఈ రోజుల్లోనే పూలమ్మ గంప పట్టుకుని దుకాణం వెనక తలుపు దగ్గర నిలబడేది. "జర గా ఊక తీసుకపోత" అనేది. ఆయన లెక్కలోంచి తల ఎత్తకుండా మూలన ఉన్న ఊడ్పుల కుప్ప వైపు వేలు చూపేవాడు. గింజల పొట్టు, ఊక, దుమ్ము. ఎందుకని ఏనాడూ అడగలేదు. ఆవుకనుకున్నాడో, అంట్లు తోమడానికనుకున్నాడో, అది కూడా అనుకోలేదో.

కుప్పంతా గంపకు ఎత్తి తానే బావి దగ్గరికి మోసుకొచ్చాడు.

"ఇగో బిడ్డ. మీ అవ్వ కలిపేది ఇది."

కళావతి గుప్పెడు తీసి మన్నులో వేసి పిసికింది. కళ్ళు మూసుకుంది. చేతులకు ఏదో గుర్తొచ్చినట్టు ముఖం విచ్చుకుంది.

"ఇదే తాత. గరగర ఇదే."

ఈసారి ఊరు నిలబడింది. మూడు గంపల మన్నూ అయిపోయేదాకా కట్టారు. దారికి రెండు వైపులా ఇళ్ళు, దారిలో ఇసుక, పగిలిన గాజు ముక్కలతో చెరువు. మోదుగాకు పందిరి కింద పరీల బడి. బడిలో పంతులు లేడు, ఎందుకంటే పరీలకు అన్నీ వచ్చునని గోపాల్ చెప్పాడు. దుకాణం రెండు అంతస్తులైంది. సోమలింగం ఆ రెండో అంతస్తుకు మెట్లు కడుతుండగా గోపాల్ వెనక నుంచి వీపు మీద ఎక్కాడు. తాతా మనవడూ కలిసి బురదలో పడ్డారు. కళావతి నవ్వింది, శకుంతల కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అలవాటుగా ఇద్దరూ ఆగి దగ్గు కోసం చూశారు. దగ్గవలసిన మనిషి బురదలో ఉన్నాడు. ఆయన దగ్గలేదు. ముక్కు మీది మన్ను తుడుచుకుని, "మెట్టు గట్టిగనే ఉన్నది" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే కేసముద్రం నుంచి కబురు వచ్చింది. పెత్రమాసకు, అంటే పెద్దలకు బియ్యం ఇచ్చే అమావాస్యకు, మల్లక్క వస్తున్నది. మామూలుగా ఆ ముందురోజు వచ్చే మనిషి ఈసారి ముందే బయలుదేరింది. సాయంత్రం రైలుకు దిగుతుంది.

సోమలింగం నిలుచున్నపాటున గోనెసంచులు తెమ్మన్నాడు. పరీల ఊరంతా గోనెలు కప్పి, ఎండకు పగలకుండా వాటి మీద నాలుగు చేదల నీళ్ళు చల్లాడు.

"ఎన్ని రోజులు తాత?"

"మల్లవ్వ పోయేదాక. గోపాలూ, నోరు మూసుకోవాలె."

"పరీలకు ఊపిరి ఆడదు."

"గోనెకు సందులుంటయి. ఫికర్ చెయ్యకు."

మల్లక్క పొట్టి మనిషి, మాట పొదుపు మనిషి. వచ్చిన రోజే చెంబు పట్టుకుని బావి దగ్గరికి పోయి, తిరిగొచ్చి తమ్ముణ్ణి అడిగింది.

"గోనెల కింద ఏందిరా?"

"సరుకు అక్కా."

"సరుకు బాయికాడ ఎందుకున్నది?"

"ఆరబెట్టిన."

"తడిగోనె కింద ఆరబెడతాన్రా ఇప్పుడు?"

సోమలింగం దుకాణంలో ఎవరో పిలిచినట్టు లేచిపోయాడు. మల్లక్క ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఆమె ఎత్తని మాటంటేనే ఆయనకు భయం. చిన్నప్పుడు కూడా అంతే, కొట్టే ముందు ఆమె ఏమీ అనేది కాదు. రోజూ పొద్దున, సాయంత్రం ఎవరూ చూడకుండా వెళ్ళి గోనెలు తడిపి వచ్చేవాడు. కళావతి దూరం నుంచి చూసి తృప్తిపడేది. గోపాల్ మాత్రం అన్నం తింటున్నా ముఖం బావి వైపే పెట్టుకుని తినేవాడు.

ఒక పొద్దున వాడికి ఆగలేదు. రాత్రి పెద్ద వాన పడింది. పరీలు మునిగిపోయారేమోనని గోనె మూల ఎత్తి చూశాడు. ఎత్తినవాడు దించకుండా అరిచాడు.

"అక్కా, పరీలొచ్చిన్రు. తోట పెట్టిన్రు."

అందరికంటే ముందు కళావతి పరుగెత్తింది. వెనక శకుంతల, దుకాణంలోంచి సోమలింగం, అందరి వెనక మోకాళ్ళు పట్టుకుంటూ మల్లక్క. గోనెలు ఒక్కొక్కటి తొలగించారు.

ఊరంతా మొలిచింది. గోడల్లోంచి, గద్దెల్లోంచి, బడి పునాదిలోంచి లేత పసుపు మొలకలు సూదుల్లా నిలబడి ఉన్నాయి. జొన్నమొలకలు ఒక ఇంటి కొబ్బరిచిప్పను పైకి ఎత్తి పట్టుకున్నాయి, పలకరింపుకు టోపీ తీసినట్టు. పెసరమొలకలు విత్తు తొడుగులు ఇంకా నెత్తిన మోస్తూ పొయ్యిల్లోంచి తొంగి చూస్తున్నాయి. రైలు పట్టాల మధ్య నువ్వులు. అన్నిటికంటే ఎక్కువ మొలిచింది దుకాణం. రెండు అంతస్తుల నిండా ఆకు, ఒక్క బస్తా కనిపించడం లేదు.

"బేరం మంచిగ నడిచింది" అంది శకుంతల. మామ ఎదుట ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

కళావతి ఊరి చుట్టూ తిరుగుతూ నవ్వుతోంది. గోపాల్ ఏ ఇంట్లో ఏ పరీ ఏది నాటిందో చెప్పుకుంటూ పోతున్నాడు. సోమలింగానికి మాత్రం ఒక్కసారిగా విషయం తెలిసింది. దుకాణం ఊడ్పులు. రాలిన గింజలన్నీ ఊకతో కలిసి మన్నులోకి పోయాయి. పైన తడి గోనె కప్పి, పూటపూటకూ నీళ్ళు చల్లింది తానే. ధాన్యం అమ్ముకుని బతికే మనిషి, గింజ తడిస్తే ఏమవుతుందో మర్చిపోయాడు. తన మీద తనకే నవ్వొచ్చింది.

మల్లక్క ముఖం చూసేసరికి ఆయన నవ్వు ఆగింది.

"మన్ను గద్దెలు కట్టి మొలకలు పోసిన్రా?" అంది ఆమె. "ఏడు తీరని ఇంట్ల?"

"పొయ్యలే అక్కా. మొలిచినయి."

"పండుగకు పోసేవే మొలకలు. మన్ను బొడ్డెమ్మ మన్ను. నేనేమన్న గుడ్డిదాన్నారా? పెత్రమాస లోపట తీసెయ్యిన్రి."

కళావతి నవ్వుతూ ఉన్నది నవ్వుతూనే ఆగిపోయింది. ఏడవలేదు. వెళ్ళి, మొట్టమొదట కట్టిన గుండ్రటి ఇంటి ముందు కూర్చుంది. రెండు చేతులూ దాని చుట్టూ పెట్టింది.

"ఇది బొడ్డెమ్మ గాదు మల్లవ్వ. అవ్వ చేతి పని మర్చిపోవద్దని చేసిన. నువ్వొకసారి చూడు. చూసినంక నేనే తీసేస్త."

సోమలింగం అక్కకు ఎదురు చెప్పి ఎరగడు. అయినా ఒక అడుగు ముందుకు వేసి, "నేనే చెయ్యమన్న అక్కా. తిడితే నన్ను తిట్టు" అన్నాడు. అన్నాక, అక్క వైపు కాక దానిమ్మ చెట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు.

మల్లక్క వంగడానికి కొంతసేపు పట్టింది. మొలకలు వేలితో పక్కకు ఒత్తి చూసింది. గోడ అంచు వెంట బొటనవేలి నొక్కులు. ఒకదాని మీద తన వేలు పెట్టింది. ఇంకొకదాని మీద పెట్టింది. అంచు చుట్టూ అలా పోయి, మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగింది.

"ఇది నేను నేర్పిచ్చిన" అంది.

కళావతి తల ఎత్తి చూసింది.

"మీ అవ్వ ఈ ఇంటికి వచ్చిననాడు గింత పోరి. లంగ జారుతుండె. ఎవరితోటి మాట్లాడకపోయేది. ఏడుసుడే ఏడుసుడు. బొడ్డెమ్మ మన్ను చేతుల పెట్టిన. ఏడుసుడు బంద్ అయింది." మల్లక్క బావి గట్టు మీద కూర్చుంది. "నేను నేర్పిన దానికంటే మంచిగ చేసేది తర్వాత. నాకు మంటగ ఉండె."

తమ్ముడి వైపు తిరిగింది. "ఊక చెరిగినవా?"

"చెరగాల్నా?"

"చాటల చెరగాలెరా. గింజలు గోడ మీద పిచ్చుకలకు పొయ్యాలె, ఉత్త ఊక మన్నుల కలపాలె. పూలమ్మ ఏటా చెరిగేది. పుట్టి బుద్దెరిగినప్పటి నుంచి గింజల నడుమ కూసున్నవు, ఊకల గింజలుంటయని నీకు తెల్వదా?"

"తెలుసు అక్కా. యాది రాలే."

"తడిగోనె కింద సరుకు ఆరబెట్టెటోనికి ఏం యాదికొస్తది." ఆమె పెదవి ఒక పక్కకు వంగింది. దాన్ని నవ్వు అనవచ్చో లేదో సోమలింగం తేల్చుకోలేకపోయాడు. తీసెయ్యమన్న మాట ఆమె మళ్ళీ అనలేదు. తీయొద్దనీ అనలేదు.

అంతలో పక్క సందు వైపు పెరటి గోడ మీద తలలు లేచాయి. అనసూయ, ఆమె వెనక వీధి ఆడపిల్లలు, ఇటుకల మీద నిలబడి ఉన్నారు.

"మల్లవ్వా, రాత్రి వానకు మా బొడ్డెమ్మ కూలింది. సాయంత్రం ఆడాలె. మాకెవ్వరికి కట్టొస్తలేదు. జర కళను పంపుతరా?"

"ఈ ఇంటి చెయ్యి ముట్టొద్దు బిడ్డ" అంది మల్లక్క. కఠినంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు అంది. "నాది గూడ ఈ ఇంటి చెయ్యే."

కళావతి తల దించుకుంది. గోడ మీది తలలు ఒక్కొక్కటి దిగబోయాయి.

"పరీలు ముట్టొచ్చు గద" అన్నాడు గోపాల్.

"ఏందిరా?"

"పరీలు సావరు. వాళ్ళింట్ల ఎవ్వరు సావలే. వాళ్ళకు పండుగ ఉంటది."

మల్లక్క కళావతి వైపు చూసింది. "నిజమేనా?"

"పుస్తకంల గట్లనే ఉన్నది మల్లవ్వ."

ఇంటి కట్టడి మల్లక్కకు ఆషామాషీ కాదు. తన చేతుల మీద సాగనంపిన మరదలి కోసం పెట్టుకున్నది. దాన్ని ఎక్కడ విరవకూడదో, ఎక్కడ వంచవచ్చో వెతుకుతున్నట్టు ఆ మొలకల మీద అరచెయ్యి ఆడించింది.

"సావు లేనోళ్ళకు మైల ఎక్కడిది" అంది చివరికి. "వాళ్ళ ఊర్లె వాళ్ళు బొడ్డెమ్మ పెట్టుకుంటే వద్దనెటందుకు మనమెవరం. కళా, పరీలకు ఒక బొడ్డెమ్మ కట్టియ్యి. అరచెయ్యంత. పసుపు వద్దు, పాట వద్దు. పరీల పాట మనకు రాదు." గోడ వైపు తల తిప్పింది. "అనసూయా, మీరు గోడ అవతల పీటేసుకొని కూసోన్రి. ఇది చూసుకుంట మీ చేతులతోటి మీరు కట్టుకోన్రి. పరీల ఊరు చూడొద్దని ఏ శాస్త్రంల లేదు."

శకుంతల అప్పటికే చాట తెచ్చింది. సోమలింగం దాన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"నువ్వు ఉండు బిడ్డ. ఇది నా పని."

దుకాణం నుంచి కొత్త ఊడ్పులు తెచ్చుకుని బావి గట్టు కింద చెరగడం మొదలుపెట్టాడు. ఆయనకు చేతకాలేదు. సగం ఊక తల మీదే పడింది. మల్లక్క పక్కనుంచి, "చాట ఎగరెయ్యి, నువ్వెందుకు ఎగురుతవు" అంది. గోడ మీది పిల్లలు పకపక నవ్వారు. కళావతి నవ్వింది. సోమలింగం కూడా నవ్వాడు, ఊక గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చేదాకా. ఆ దగ్గుకు ఎవరూ నవ్వు ఆపలేదు.

చెరిగిన ఊక సగం ఈ గోడకు ఇవతల, సగం అవతల. కళావతి పరీల ఊరి నడిమధ్య మొలకలు కాస్త జరిపి, చదును చేసి, మొదటి మెట్టు అదిమింది. నోటితో ఏమీ చెప్పలేదు. ఆమెకు నేర్పినవాళ్ళు చెప్పలేదు కదా. గోడ మీద నుంచి అనసూయ చూస్తుంది, కిందికి దిగి తన పీట మీద అదుముతుంది, మళ్ళీ ఎక్కి చూస్తుంది. ఒక మెట్టు దగ్గర అనసూయకు పట్టు దొరకలేదు. కళావతి గాలిలోనే రెండు చేతులు పెట్టి ఎట్లా అదమాలో చూపించింది. గోడ అవతల ఎన్ని చేతులున్నాయో అన్నీ గాలిలోనే అట్లా అదిమాయి. అది చూసి సోమలింగం చాట కింద పెట్టాడు. కండువా కొసతో ముఖం తుడుచుకున్నాడు. ఊక ఎక్కువగా పడిందన్నాడు.

ఆఖరి మెట్టు అంచున కళావతి బొటనవేలి నొక్కులు పెట్టింది. వేలెడంత మెట్టు కాబట్టి చిటికెనవేలితో పెట్టవలసి వచ్చింది. గోపాల్ ఒక్క గునుగుపూల రెబ్బ తెచ్చి పక్కన పడేశాడు. పెట్టలేదు, పడేశాడు. అది తానే వచ్చి పడిందని అందరూ ఒప్పుకున్నారు.

పొద్దు వాలేవేళకు పీటను ఎదురింటి అరుగు మీదికి ఎత్తుకుపోయారు, పాట లేచింది. బొడ్డెమ్మ నిటారుగా ఉంది. ఈ నాలుగు నెలల్లో వీధిలో పాట వినిపిస్తే సోమలింగం దుకాణం తలుపు ఒక రెక్క మూసేవాడు. ఆ సాయంత్రం రెండు రెక్కలూ తెరిచే ఉంచి, చాటలో మిగిలిన గింజలు పట్టుకుని పెరట్లోకి పోయాడు. మల్లక్క దానిమ్మ చెట్టు కింద కూర్చుని, కళావతి చేతిని తన చేతిలో పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే చూస్తున్నది.

"తాతా" అన్నాడు గోపాల్, "పరీల జొన్న ఎప్పుడు కోస్తరు?"

"కంకి పట్టనీ."

"కోసినంక ఎవరికి అమ్ముతరు?"

"ఊర్లె దుకాణం ఉన్నది గదరా" అన్నాడు సోమలింగం.

గింజలు గోడ మీద పోశాడు. ఎక్కడ పోయాలో వెతకవలసిన పని లేకపోయింది. గోడ మీద ఒకచోట రాయి ఏళ్ళ తరబడి చెయ్యి తగిలి నున్నగా అరిగి ఉంది. పిచ్చుకలు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాయి.